పళ్ళు తీసి చదివిన నామాలు

మా అత్తయ్యకి కొత్త పళ్ళు పెట్టించిన పదిహేను రోజులకి మా ఇంట్లో మాట కరువైంది. మాట తగ్గితే కొన్ని ఇళ్ళలో సుఖంగానే ఉంటుందేమో గానీ మాకు అలా కాదు. మాకు తెల్లవారేదే ఆవిడ గొంతుతో. స్నానం చేసి దేవుడి ముందు కూర్చుని గంటన్నర సేపు స్వామి నామాలు పైకి చదువుతారు. నేను వంటింట్లో ఉండి ఏ నామం దగ్గరున్నారో విని పాలు పొయ్యి మీద పెడతాను. ఏ నామానికి ఇడ్లీ దించాలో కూడా నాకు తెలుసు. గడియారంతో పనిలేని ఇల్లు ఇచ్చినందుకు స్వామికి ఎన్నిసార్లు దణ్ణం పెట్టుకున్నానో లెక్కలేదు.

ఇంట్లోనే కాదు. బాన్సువాడలో మా కాలనీ ఆడవాళ్ళం ఇరవై మందిదాకా ప్రతి ఏకాదశికీ ఎవరో ఒకరింట్లో చేరి పారాయణం చేస్తాం. ముందు ఒకరు నామం చదవాలి, వెనక అందరం అదే నామం అనాలి. ఆ ముందు చదివే మనిషి మా అత్తయ్య. మాది నిజాంసాగర్ కాలవ కింద కోస్తా నుంచి వచ్చి స్థిరపడినవాళ్ళ ఊరు, క్యాంపు అంటారు. ఆ క్యాంపు నుంచి మేము టౌనుకి మారినప్పటి నుంచీ ఆ పీట ఆవిడదే. దాని కోసం ఎవరూ పోటీ పడలేదు. ఆవిడ చదువుతుంటే వెనక అనడం అంత తేలిక. నామం ఎక్కడ విడగొట్టాలో, ఊపిరి ఎక్కడ తీసుకోవాలో ఆవిడని చూస్తే తెలిసిపోయేది.

చిగుళ్ళ జబ్బుతో పళ్ళన్నీ ఊగిపోతే డాక్టరమ్మ మొత్తం తీసేసి, చిగుళ్ళు మానాక పైనా కిందా కొత్త సెట్టు పెట్టింది. అవి వచ్చాక మొదటి ఏకాదశి మా వెనక వీధిలో ఒకరింట్లో పడింది. అత్తయ్య పీట మీద కూర్చుని మొదలుపెట్టారు. కేశవా అన్నప్పుడు బాగానే ఉంది. మాధవా దగ్గర తడబడ్డారు. దామోదరా అనేసరికి ఆ రెండు ద-లూ గాలిలో కలిసిపోయాయి. వెనక ఇరవై మందిమీ ఇరవై రకాలుగా అన్నాం. ఎవరూ నవ్వలేదు. నవ్వకుండా బిగపట్టుకున్నారని అత్తయ్యకి తెలిసిపోయింది. ఇంకో ఇరవై నామాలు ఈడ్చి, పుస్తకం మూసి, పక్కన కూర్చున్నావిడ ఒళ్ళో పెట్టారు.

ఆ పక్కనావిడ మా గోడ పక్కింటావిడే. ఇక్కడి మనిషి. నేను అక్కా అంటాను, ఆమె నన్ను చెల్లె అంటుంది, మా అత్తయ్యని పెద్దమ్మ అంటుంది. పుస్తకాన్ని పొయ్యి మీంచి దించిన గిన్నెలా పట్టుకుంది.

"నాకెందుకు పెద్దమ్మా, నేను ఎనక ఉంటెనే మంచిగుంట. ముంగట కూసుంటె నాకు పేర్లన్నీ మర్చిపోతయి."

"పుస్తకంలో ఉన్నాయిగా, చూసి చదువు," అన్నారు అత్తయ్య.

ఇంటికొచ్చి చెప్పులు విప్పుతూ, "నా నోరు ఇక ఇంతేలే అమ్మాయ్. మనసులో చదువుకుంటా. స్వామికి వినపడదా ఏం?" అన్నారు.

స్వామికి వినపడుతుంది. మర్నాటి నుంచి నాకే వినపడలేదు. ఆవిడ దేవుడి ముందు పెదాలు కదపకుండా కూర్చునేవారు. వంటింట్లో రెండు రోజులు వరసగా పాలు పొంగించాను.

తరవాత ఒక ఏకాదశి దాటితే ఆ పై ఏకాదశి మా ఇంట్లో. అంటే నెల రోజుల గడువు. "మన ఇంట్లో పారాయణానికి మీరు వెనక వరసలో కూర్చుంటారా అత్తయ్యా?" అని అడిగాను.

"వరసలో ఎందుకు? వంటింట్లో ఉంటా. ప్రసాదం నేను చూసుకుంటా, నువ్వెళ్ళి కూర్చో," అన్నారు, కోపం లేకుండా, చాలా మామూలుగా. ఆ మామూలుతనానికే నాకు భయం వేసింది. మర్నాడు బలవంతాన ఆటో ఎక్కించి బస్టాండు దగ్గర పంటి దవాఖానకి తీసుకెళ్ళాను.

డాక్టరమ్మ చిన్నపిల్ల, మా చుట్టుపక్కల ఊళ్ళమ్మాయే. ఆ పిల్ల చేతికి స్వామి ఎంత నేర్పు ఇచ్చాడో అనుకుంటాను. ఒక్క పన్ను తీసేటప్పుడు కూడా అత్తయ్య అమ్మా అనలేదు.

"ఏమైందమ్మా, పండ్లు గుచ్చుకుంటున్నయా?"

అత్తయ్య తల అడ్డంగా ఊపారు.

"లూజ్ అయినయా?"

మళ్ళీ అడ్డంగా.

"మరి మాట్లాడుతలేరేంది?"

"అదేనమ్మా జబ్బు," అన్నాను నేను.

లైటు వేసి, నోరు తెరిపించి, పైసెట్టు వేలితో నొక్కి చూసింది. అంతా సరిగ్గానే కూర్చుందట. "నేను ఆ రోజే చెప్పిన గదా, రోజు ఒక గంట గట్టిగ చదవాలె అని. చదువుతున్నరా లేదా?"

"గంట కాదు, గంటన్నర. మొన్నటిదాకా ఒక్క పూట మానలేదు," అన్నాను. గర్వంగానే అన్నాను.

"ఏం చదువుతున్నరు?"

"స్వామి నామాలు."

"గట్టిగనేనా?"

"వీధి చివరిదాకా వినిపించేది."

డాక్టరమ్మ నుదురు ముడిచింది. "గట్లైతె పదిహేను రోజులల్ల నాలుక సెట్ కావాలె గదా. పండ్లు పెట్టుకునే చదివిన్రు గదా?"

నేనూ అత్తయ్యా మొహాలు చూసుకున్నాం.

"దేవుడి దగ్గర పెట్టుకుని ఎలా కూర్చుంటామమ్మా?" అన్నారు అత్తయ్య, ఇంత చదువుకున్న పిల్లకి ఈపాటి తెలియదా అన్నట్టు. "తీసేసి, నోరు పుక్కిలించుకుని, అప్పుడు కూర్చుంటా."

ఆ పిల్ల మొహానికి మాస్కు ఉంది గానీ కళ్ళు నవ్వేశాయి.

ఇందులో నా తప్పు సగం ఉంది కాబట్టి దాచకుండా చెప్తాను. కొత్త పళ్ళు వచ్చిన మొదటి రోజే మా ఇద్దరికీ ఒకే సందేహం వచ్చింది. నోట్లో పెట్టుకున్నదేదైనా ఎంగిలే. పుట్టిన పళ్ళయితే పుక్కిలిస్తే శుభ్రమవుతాయి. ఈ సెట్టు అలా కాదు, తీసి చూస్తే లోపలివైపు పొద్దున తాగిన కాఫీ నురగ ఇరుక్కుని ఉంటుంది. దాంతో స్వామి పేరు ఎలా పలుకుతాం? అందుకని నేనే స్టీలు సామాన్ల కొట్టుకి వెళ్ళి మూతున్న చిన్న గిన్నె కొనుక్కొచ్చాను. రోజూ పూజకి ముందు అందులో నీళ్ళు పోసి అత్తయ్య చేతికి అందించేదాన్ని. ఆవిడ పళ్ళు తీసి అందులో వేసి, మూత పెట్టి, దేవుడి ముందు కూర్చునేవారు. నాకది చిన్న సేవ చేసినట్టుండేది. ఆ ఏకాదశి పారాయణానికి కూడా గిన్నె సంచిలో వేసుకెళ్ళి, పీట మీద కూర్చునే ముందు పెరట్లో తీయించాను. ఆవిడ రోజంతటిలో పైకి, ఆపకుండా మాట్లాడేది ఆ గంటన్నరే. మిగతా పొద్దంతా ఊ, ఆ, సరే, తిన్నావా, ఇంతే. నాలుక నేర్చుకోవాల్సిన గంటన్నరా పళ్ళు గిన్నెలో ఉన్నాయి. పళ్ళు నోట్లో ఉన్నప్పుడు నాలుకకి పని లేదు. ఇద్దరం కలిసి ఎంత శ్రద్ధగా, ఎంత భక్తిగా చేశామో ఆ పొరపాటు!

"నాలుకకు కండ్లుంటయా అమ్మా?" అంది డాక్టరమ్మ. "ఇన్నేండ్ల సంది అంగిట్ల ఎంత జాగ ఉన్నదో దానికి ఎరుకే, ఉరికొచ్చి తాకుతుండె. ఇప్పుడు ప్లేటు మందం జాగ తగ్గింది. గా సంగతి దానికి తెల్వాలంటె పండ్లు పెట్టుకొని మాట్లాడుతనే ఉండాలె. ఏదన్న చదవుండ్రి. పేపర్ చదవుండ్రి. నోరు ఎండితె ఒక గుటుక నీళ్ళు తాగుండ్రి. ఫికర్ చెయ్యకుండ్రి."

ఇంటి గేటు దగ్గరే అక్క ఎదురైంది. సంగతి చెప్పగానే గోడకి ఆనుకుని కడుపు పట్టుకుని నవ్వింది. మొన్న బిగపట్టిన నవ్వు కూడా అందులోనే కలిపి నవ్విందని నాకు అనిపించింది.

"అయ్యో పెద్దమ్మా! నువ్వు దినమంత ముచ్చట పెట్టేది ఒక్క దేవునితోనే. గాయన ముంగట పండ్లు తీస్తివి, మా ముంగట పెట్టుకొని ఊకుంటివి. ఇగ ఆ పండ్లకు మాట ఎట్లొస్తది?"

"నవ్వవే, నవ్వు. నీకు ముప్ఫై రెండూ ఉన్నాయిగా!"

"ఇరవై తొమ్మిదే పెద్దమ్మా. మూడు పోయినయి. జెర ఓపిక పడితె నేను గూడ నీ లైన్లకే వస్త."

అత్తయ్య కూడా నవ్వారు, చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని. ఆ ఏకాదశి తరవాత ఇదే మొదటి నవ్వు.

నేను బడికి వెళ్ళినదాన్ని కాదు. చిన్నప్పుడు నాకు ఆయాసం ఉండేది. క్యాంపు నుంచి బడికి మట్టి రోడ్డు, వరి కోతల రోజుల్లో ఆ దారంతా పొట్టూ దుమ్మూ. రెండడుగులేస్తే పిల్లికూతలు వచ్చేవి. అందుకని మా నాన్నే ఇంట్లో చదువు చెప్పాడు. పొలం పని చూసుకుని వచ్చి, కాళ్ళు కడుక్కుని, అరుగు మీద నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకునేవాడు. ఊపిరి అందని పిల్లకి చెప్పే చదువు కాబట్టి ఆయన పలకతో మొదలుపెట్టలేదు, ఊపిరితో మొదలుపెట్టాడు.

"మాటంటే ఏంటనుకున్నావ్? బయటికి పోయే ఊపిరే. ఎలాగూ వదిలేసేదే కదా. పోయేలోపు దాంతో కాస్త పని చేయించుకుంటాం, అంతే. కాలవలో నీళ్ళు పోతున్నాయి. తూము దగ్గర ఆపుతాం, గట్టు దగ్గర మళ్ళిస్తాం, నీళ్ళు మాత్రం అవే."

నా వేళ్ళు తీసి నా గొంతు మీద పెట్టించి పాములా బుస కొట్టమనేవాడు. స్‌స్ అంటే గొంతు చల్లగా, కదలకుండా ఉండేది. తుమ్మెదలా మ్‌మ్ అనమనేవాడు. వేళ్ళ కింద గొంతు జుమ్మని మోగేది. "లోపల రెండు పొరలుంటాయి. వాటిని దగ్గరికి తెచ్చి ఊపిరి వదిలితే మోగుతాయి, దూరంగా పెట్టి వదిలితే మోగవు. అందుకే క వేరు, గ వేరు. నాలుక తాకే చోటు రెంటికీ ఒకటే." ముక్కు పట్టుకుని మ అనమంటే నాకు బ వచ్చేది. ముక్కులోంచి కూడా గాలి పోతేనే మ అవుతుందని అలా తెలిసింది. అరచేతిలో చిటికెడు ఊక పోసి నోటి ముందు పట్టించేవాడు. ప అంటే ఊక కదిలేది కాదు. పెదాలు మూసి ఒత్తి ఫ అంటే ఎగిరి ఆయన మీసాల మీద పడేది. నేను కావాలని పదిసార్లు అనేదాన్ని. ఆయాసం ఉన్న పిల్ల ఊక ఎగరగొట్టిందని మా నాన్న పదిసార్లూ మురిసిపోయేవాడు.

అఆలు ఏ అడ్డూ లేని అక్షరాలు. నోరు ఎంత తెరిచామో, పెదాలు సాగదీశామో, సున్నాలా చుట్టామో, అంతే తేడా. తక్కినవన్నీ ఊపిరిని ఎక్కడో ఒకచోట అడ్డుకుంటే పుట్టేవి. క వరస గొంతు దగ్గర, చ వరస అంగిలి దగ్గర, ట వరసకి నాలుక కొస పైకి మడవాలి, త వరస పళ్ళ వెనక, ప వరస పెదాల దగ్గర. లోపలి గది నుంచి వీధి గుమ్మం దాకా వరసగా నడుచుకుంటూ వచ్చినట్టు. మన అక్షరాల వరస పెట్టినవాళ్ళు నోట్లో వేలు పెట్టి చూసి మరీ పెట్టారని మా నాన్న అనేవాడు. తరవాత నేను ఎన్నో పుస్తకాలు చదువుకున్నాను గానీ నాలుక ఎక్కడ తాకుతోందో గమనించకుండా ఒక్క పేజీ కూడా పైకి చదవలేను. ఆయాసం ఎప్పుడు పోయిందో తెలియదు. ఆ చదువుకి, ఆ ఆయాసానికి కూడా, నేను కృతజ్ఞురాలిని.

అత్తయ్య దగ్గర ఏం జరిగిందో ఆ వరస పట్టుకుని చూస్తే తేలిగ్గా అర్థమైంది. గొంతువీ, పెదాలవీ పోలేదు. పళ్ళ వెనక పుట్టే త, ద, న, స మాత్రం పళ్ళు తీసేస్తే నిలవడానికి చోటు లేక జారిపోయాయి. కేశవుడికి ఏమీ కాలేదు, దామోదరుడే ఇబ్బంది పడ్డాడు.

మధ్యాహ్నం భోజనాలయ్యాక పళ్ళు పెట్టుకుని చదువుదామన్నాను. "దేవుడిది కాకపోతే ఏదైనా చదువుతా," అన్నారు అత్తయ్య. మొదట పేపరు. రెండో పేజీకే, "ఎవరో ఒకళ్ళు పోయిన సంగతులే. ఇవి చదివితే నోరు బాగుపడదు, మనసు పాడవుతుంది," అని పక్కన పడేశారు. వరండాలో మా వారు పొలానికి తెచ్చిన విత్తనాల సంచులు, ఎరువు బస్తాలు ఉన్నాయి. వాటి మీద పెద్ద అక్షరాలు. పీట తెచ్చుకుని వాటి ముందు కూర్చున్నాం.

"షంచిని నీడ పట్టున నిల్వ చేయాలి. పషిపిల్లలకు అందకుండా ఉంచాలి."

"సంచి అత్తయ్యా. నాలుక వెనక్కి పోతోంది. కొస కింది పళ్ళకి ఆనించండి. మధ్యలో సన్నటి సందు వదిలి గాలి ఊదండి. పాము బుస కొట్టినట్టు."

ఆవిడ అద్దం పట్టుకుని బుస కొట్టారు. మొదటి రెండుసార్లు ఈల వచ్చింది. మూడోసారి అసలైన బుస వచ్చింది, ఎంత గట్టిగా అంటే బస్తాల మీద పడుకున్న పిల్లి లేచి గోడ దూకి అక్క వాళ్ళింట్లోకి పారిపోయింది. ఆ వెంటనే గోడ మీద అక్క తల కనిపించింది.

"ఏందిది, పిల్లి గట్ల ఉరికొచ్చింది? పెద్దమ్మా, యూరియా బస్తా పారాయణం నడుస్తుందా? నన్ను పిలువకపోతిరి!"

"రా, వచ్చి వెనక అను," అన్నారు అత్తయ్య.

నిజంగానే వచ్చింది. ఆ రోజు నుంచి మధ్యాహ్నం మూడింటికి ముగ్గురం బస్తాల ముందు. అత్తయ్య ఒక వాక్యం చదివితే అక్క వెనక అనేది. "చల్లిన ఎంబడే నీళ్ళు పెట్టాలె," అని తన మాటల్లోకి మార్చేసేది. అత్తయ్య కసిరేవారు, "ఉన్నది ఉన్నట్టు అనవే!" ఆ కసురుకోవడంలో ఆవిడకి తెలియకుండానే త-లూ న-లూ సరిగ్గా పడేవి.

అన్నీ ఒకేసారి రాలేదు. నోరు బాగా తెరిచి ఆ అంటే కిందిసెట్టు లేచి వచ్చేది. నాలుక కొస దాని మీద ఆనించి ఉంచడం అలవాటు చేసుకోవడానికి వారం పట్టింది. చ ఇంకో తమాషా. రాసేటప్పుడు ఒకటే చ గానీ, చీర అన్నప్పుడు నాలుక అంగిట్లోకి పోతుంది, చదువు అన్నప్పుడు పళ్ళ దగ్గరికి వస్తుంది. అత్తయ్యకి చీర తేలిగ్గా వచ్చింది, చదువు ఎంతకీ రాలేదు.

"మా పుట్టింటివాళ్ళూ ఇంతేనే. చీరలు పెట్టి పంపారు, చదువు పెట్టలా," అన్నారు. తానే నవ్వి, నీళ్ళు ఒక గుటక వేసి, మళ్ళీ మొదలుపెట్టారు. ఆ వయసులో అంత ఓపిక ఎవరికి ఉంటుంది? నేనైతే బస్తాని తన్ని లేచిపోయేదాన్ని.

మధ్యలో వచ్చిన ఏకాదశికి అత్తయ్య ఇంట్లోనే ఉండిపోయారు, అక్కే భయపడుతూ చదివింది. మూడో వారానికి మా వారు కూడా గమనించారు. పొలం నుంచి ఫోన్ చేస్తే, "అమ్మేనా మాట్లాడింది? మునుపటి గొంతులా ఉందే," అన్నారు. అక్కకి బస్తాల మీది రాతంతా కంఠతా వచ్చేసింది. అంతా బాగుంది. ఒక్కటి తప్ప. పొద్దున పూజ వేళకి గిన్నె, గిన్నెలో పళ్ళు, దేవుడి ముందు మూసిన పెదాలు. అక్కడ ఇసుమంత కూడా కదలిక లేదు.

ఏకాదశి నాలుగు రోజులుందనగా చిక్కుడుకాయలు ఈనె తీస్తూ అడిగేశాను. "బస్తా మీద రాత అంత చక్కగా చదివి, స్వామి పేరుకి వచ్చేసరికి మూసుకుంటారేమిటి అత్తయ్యా? త, ద, స పుట్టేదే పళ్ళ దగ్గర. వాటి ఇల్లు అది. ఇల్లు లేకుండా అవి ఎక్కడ ఉంటాయి?"

"ఇల్లే, కాదనను. కానీ నా నోట్లో ఉన్నది కిరాయిల్లు," అన్నారు. "దేవుడిచ్చింది కాదు. ఎక్కడో ఎవరో పోత పోసింది."

"మనం టౌనుకొచ్చిన కొత్తలో ఎన్నేళ్ళు కిరాయింట్లో ఉన్నాం? దేవుణ్ణి క్యాంపులో వదిలేసి వచ్చామా? మొదటి రోజే గూట్లో పెట్టి దీపం వెలిగించింది మీరే కదండీ."

ఆవిడ చేతిలో చిక్కుడుకాయ ఆగింది. తరవాత మెల్లగా, "మరి ఎంగిలి మాటేవిటే?" అన్నారు.

ఆ మాట తోసిపారేయలేను, నేనూ అది నమ్మే మనిషినే. గిన్నె కొన్నదాన్ని నేను. ఆవిడ నమ్మకాన్ని నా తొందర కోసం చులకన చేయడం నాకు చేతకాదు. చిక్కుడుకాయలు అయిపోయాయి, మాట అక్కడే ఆగిపోయింది.

ఏకాదశి పొద్దున నాలుగున్నరకి లేచి పనుల్లో పడ్డాను. అత్తయ్యకి కాఫీ కలిపి పెట్టాను. ఏకాదశికి మెతుకు ముట్టరు గానీ కాఫీ మాత్రం ఉపవాసంలో లెక్కలోకి రాదు, ఆవిడ నియమాల్లో అది ఒక్కటే సడలింపు. ముప్ఫై ఏళ్ళుగా ఆ గ్లాసు పడందే ఆవిడకి తెల్లవారదు. నేను హాలు ఊడ్చి, చాపలు పరిచి వచ్చేసరికి గ్లాసు అలాగే ఉంది. మీగడ కట్టింది.

ఒంట్లో బాలేదేమోనని వెతికితే అత్తయ్య పెరట్లో, తలస్నానం చేసి తడి జుట్టుతో, తులసి కోట దగ్గర నిలబడి ఉన్నారు. చేతిలో రాత్రి పళ్ళు నానవేసిన గిన్నె.

"అమ్మాయ్, ఇవి రాత్రంతా ఎక్కడున్నాయి?"

"నీళ్ళలో అత్తయ్యా."

"నువ్వేగా రాత్రి బ్రష్షుతో తోమి పెట్టింది?"

"నేనే."

"పొద్దున్నుంచీ నేనేమైనా నోట్లో వేసుకున్నానా?"

"లేదు. కాఫీ చల్లారిపోయింది కూడా."

"మరి ఎంగిలెక్కడిదే వీటికి?"

ఆవిడ చెంబుతో మంచినీళ్ళు వంచి, పళ్ళు కడిగి, రెండు తులసాకులు వేసిన నీళ్ళు పైన పోసి, పైది పైన, కిందిది కింద పెట్టుకున్నారు. పెదాలు ఒకసారి సర్దుకున్నారు. "కొత్త బియ్యం వస్తే ముందు ఆయనకే కదా వండుతాం. ముందు ఆయన పని, తరవాత నా కాఫీ. ఇన్నాళ్ళూ వరస తిరగేసి చేశాం ఇద్దరం," అన్నారు. ఆ 'వరస'లో స ఎంత సన్నగా, ఎంత శుభ్రంగా వచ్చిందో! ఏడుపు వచ్చేస్తుందని చెంబు తీసుకుని లోపలికి వెళ్ళిపోయాను. మూడు రోజులు నేను ఆలోచించినా తట్టని దారి ఆవిడకి తట్టించినందుకు తడి చేతులతోనే దేవుడి గూటికి దణ్ణం పెట్టాను.

తొమ్మిదింటికి అందరూ వచ్చారు. అక్క లోపలికి వస్తూనే పీట దాటి వెనక వరసలోకి పోబోయింది, తను ముందు చదవాల్సి ఉంటుందని భయం. అత్తయ్య వంటింటి గుమ్మంలో నిలబడి ఉన్నారు. వంటింట్లోకి తిరుగుతారా, హాల్లోకి వస్తారా?

వచ్చారు. పీట మీద కూర్చుని, పుస్తకం తెరిచి, కళ్ళద్దాలు సర్దుకుని, ఊపిరి పీల్చుకున్నారు. కేశవా. నారాయణా. మాధవా. మేము వెనక అన్నాం, ఇంకా కొంచెం బెదురుగానే. దామోదరా. రెండు ద-లూ పళ్ళ వెనక టకటకా తాకి వచ్చాయి. నా పక్కన అక్క నా మోచేయి గట్టిగా గిల్లింది.

అంతా సాఫీగా జరిగిందని చెప్పను. సగం దాటాక శ్రీనివాసా దగ్గర పొడుగ్గా ఈల వచ్చింది. ముందు చదివేవారు ఎలా అంటే అలా అనడం మాకు ఏళ్ళ అలవాటు. ఇరవై మందిమీ ఒక్క గొంతుతో శ్రీనివాసా అన్నాం, ఈలతో సహా. హాలంతా కుక్కరు కూసినట్టయింది. ఈసారి ఎవరూ బిగపట్టుకోలేదు. ముందు అత్తయ్యే నవ్వారు, పళ్ళు జారకుండా బొటనవేలితో నొక్కి పట్టుకుని మరీ నవ్వారు. ఆ వెనక హాలు హాలంతా. స్వామి కూడా నవ్వి ఉంటాడని నా నమ్మకం. కళ్ళు తుడుచుకుని ఆవిడ ఒక గుటక మింగి, నాలుక కింది పళ్ళకి ఆనించుకుని, అదే నామం మళ్ళీ అన్నారు. ఈల లేదు. మేమూ మళ్ళీ అన్నాం.

చివరి నామం దాకా ఆగకుండా చదివారు. మంగళహారతి అయింది. అరటిపళ్ళూ పాలూ పంచాం. అందరూ గేటు దగ్గర చెప్పులు వేసుకుంటుంటే అక్క నన్నడిగింది, "చెల్లె, వచ్చే ఏకాదశి మా ఇంట్లనే గదా. నేను పుస్తకం చూసి తయారు గావాల్నా ఏంది? ఇప్పుడే చెప్పు, నాకు నిద్ర పట్టది."

నేను జవాబు చెప్పేలోపు నా వెనక నుంచి అత్తయ్య గొంతు వచ్చింది.

"నువ్వు హాలు కడిగి చాపలు వెయ్యి చాలు. పుస్తకం నేను తెచ్చుకుంటా. పారాయణం పొద్దున్నే పెట్టుకో, తొమ్మిది దాకా కాఫీ లేకుండా ఉండలేను."

"అట్లనే పెద్దమ్మా, ఏడింటికే పెడుత!" అంటూ అక్క గేటు తీసింది. అందరూ వెళ్ళిపోయాక కూడా ఆ ఇద్దరూ గోడకి అటూ ఇటూ నిలబడి, చాపలు ఎన్ని కావాలో, ఎవరెవరిని పిలవాలో మాట్లాడుకుంటూనే ఉన్నారు. నేను లోపల పళ్ళేలు కడుగుతూ అంతా వింటున్నాను.